కొబ్బరికాయ మీద ఓటు

లంక గెస్ట్‌హౌస్,
ఆదివారం

ప్రియమైన సూర్యకళకి,

నీ బావ గణేష్‌బాబు, ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, సెకండ్ క్లాసు, గోదావరి నడుమ లంకలో బందీ అయి, నాలుగు దిక్కులా నీళ్ళు చూస్తూ రాయునది. 'క్షేమం' అనే మాటకి క్యాంపు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో తెలియదు. అంచేత 'ప్రాణాలతో ఉన్నాం' అని మాత్రం రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులే అయినా రేపటి చరిత్రకారుల కోసం మళ్ళీ రాయక తప్పదు. ఢిల్లీలో ఉన్నది మైనారిటీ ప్రభుత్వం. అంటే పక్కింటి కుర్చీలు అరువు తెచ్చి కూర్చున్న పెళ్ళికొడుకు. ఎవరి కుర్చీ వాళ్ళు అడిగితే పెళ్ళికొడుకు నేలమీదే. అందులో ఒక కుర్చీ మన పార్టీది. ఆ కుర్చీకి ఒక కాలు మన ఎంపీ గారు, అనగా నీ నాన్నగారు, అనగా నా మావయ్య పెద్దిరాజు గారు. కాలికి అంటుకున్న మట్టి నేను, ఆయన పి.ఏ.ని.

ఆ ప్రభుత్వం ఎవరో తూర్పు దేశం వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. వాళ్ళ పామాయిలు మీద మనం సుంకం తగ్గిస్తాం, వాళ్ళు అంతర్జాతీయ వేదికల మీద మన మాటకి తల ఊపుతారు. 'విదేశాంగ విధానం అమ్మేశారు, ఆర్థిక విధానం తాకట్టు పెట్టారు' అని ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. ఓటింగు ఇవాళ్టికి పదిహేనో రోజున, సోమవారం. పామాయిలు ఓడలు కాకినాడలో దిగుతాయి. వాటి బరువు మాత్రం మన కొబ్బరి చెట్ల మీద పడుతుంది.

మావయ్య అంబాజీపేట కొబ్బరి యార్డులో కాయ కొట్టి 'ఈ ఒప్పందానికి నా ఓటు పడదు' అన్నప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. మన కొబ్బరి బేరాల్లో లాగే మాటకి గుర్తుగా ఒక చిప్ప ఆయన, ఒక చిప్ప రైతుల తరఫున అప్పాజీ గారు పుచ్చుకున్నారు. ఆ వార్త పార్టీ చెవిన పడింది. విప్ వచ్చింది. ప్రభుత్వానికి ఓటెయ్యకపోతే ఎంపీ పదవి ఊడుతుంది. ఆ పైన, ప్రతిపక్షం ఎత్తుకుపోకుండా ఒక్కో ఎంపీని ఒక్కో చోట దాచారు. మాకు ఈ రొయ్యల వ్యాపారి గెస్ట్‌హౌస్ దక్కింది. ఫోను లేదు. వంతెన లేదు. గోడ మీద సీసా పెంకులు. ఇన్‌ఛార్జి వీరబ్రహ్మం గారు రోజూ సాయంత్రం గేటుకి బాతుపిల్లంత తాళం వేస్తారు.

మావయ్య పంజరంలో సింహంలా తిరుగుతున్నారు. "రాయరా, ఇంటికి అన్నీ వివరంగా రాయి. తాళం సంగతి మాత్రం మర్చిపోకు," అన్నారు. మర్చిపోలేదు కదా!

నిర్బంధం ఎంత క్రూరమంటే, గోదారికి వరద ఎర్రనీరు తగిలీ తగలగానే మొదటి పులస మా విస్తట్లోనే పడింది. ఆ ముళ్ళు ఏరుకుంటూ స్వాతంత్ర్యం గురించి ఆలోచించాను.

ఈ ఉత్తరం వంటింటికి చేపలు తెచ్చే నూకరత్నం గంపలో వస్తుంది. వాసనకి నన్ను క్షమించు. ఆవకాయ పంపు.

నాలుగు గోడల మధ్య,
నీ బావ
గణేష్‌బాబు

---

అంబాజీపేట,
బుధవారం

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అందింది. నాకన్నా ముందు మా పిల్లికి అందింది. దాని నోట్లోంచి లాక్కుని చదివాను.

ముందు ఇంటి సంగతులు. అమ్మ బీపీ మాత్రలు పంపుతోంది, నాన్నగారు మర్చిపోతే నువ్వు వెయ్యి. ఆవకాయ పంపుతున్నాను. వీరబ్రహ్మం గారికి కాస్త పెట్టు, తాళం వదులుగా వేస్తారేమో.

ఇప్పుడు అసలు సంగతి. యార్డులో కాయల రాశులు అలాగే ఉన్నాయి. కాయ అమ్మితే దింపు కూలి కూడా రావడం లేదని కొంతమంది కాయ కొయ్యడమే మానేశారు. అది చెట్టు మీదే ముదిరి, అర్ధరాత్రి అపరాత్రి అని లేకుండా రేకుల మీద ఢామ్మని పడుతోంది. అప్పాజీ గారి రెండో అమ్మాయి బేబి కాలేజీ మానేసింది. అడిగితే "ఇంట్లో బోరు కొడుతోందని వచ్చేశానక్కా" అంది. ఇంట్లో ఉండి ఇంట్లో బోరు కొట్టడం ఏంటో! ఫీజు మాట మాత్రం ఎత్తలేదు.

యార్డు ముందు రైతుల శిబిరం వేశాం. 'వేశాం' అనే రాశాను, చూసుకో. ఎంపీ గారి కూతురు ఎంపీ గారి ప్రభుత్వానికి ఎదురుగా చాప మీద కూర్చుంది. నీ ఉత్తరం అక్కడ పైకి చదివాను. సింహం దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పులస దగ్గర ఎవరో నవ్వారు. అప్పాజీ గారు మాత్రం, "ఆ ముక్క మళ్ళీ చదవమ్మా," అన్నారు. మళ్ళీ చదివాను.

కానీ బావా, ఒక మాట. శిబిరం వెనక నుంచి ఎవరో అన్నారు, "పట్టుకుపోయారా, తనే పోయారా?" అని. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న కాయ కొట్టి మాట తప్పే మనిషి కాదని గట్టిగా అరిచాను. అరిచాక ఆ మాటే నాకు నేను మళ్ళీ చెప్పుకున్నాను.

అంచేత నాకు ఒక్కటి కావాలి. నాన్నగారి చేత్తో ఒక్క వాక్యం. 'నా మాట మీదే ఉన్నాను' అని. సంతకం కూడా అక్కర్లేదు, ఆయన అక్షరాలు అందరికీ తెలుసు. అది రాశి మీద పెట్టి చూపిస్తాను.

చాప మీద నుంచి,
సూర్యకళ

తా.క. అక్కడ పులస తింటూ ఆవకాయ అడిగిన మొదటి ఖైదీవి నువ్వే.

---

లంక గెస్ట్‌హౌస్,
శుక్రవారం

ప్రియమైన సూర్యకళకి,

మహారాజశ్రీ ప్రతిపక్ష నాయకురాలు గారికి ప్రభుత్వ పక్షాన వినయపూర్వక సమాధానం.

ముందు నువ్వడిగిన వాక్యం గురించి. బుధ, గురువారాల చరిత్ర ఆ తర్వాత. ఈ ఉదయం నీ ఉత్తరం రాగానే మావయ్య ముందు కాగితం, పెన్ను పెట్టాను. కళ్ళజోడు లేదన్నారు. తెచ్చాను. వీరబ్రహ్మం చూస్తున్నాడన్నారు. ఆయన అప్పుడు పెరట్లో పళ్ళు తోముకుంటున్నారు. "కాగితం మీద గీతల్లేవు, నాకు వంకర పోతుంది," అన్నారు. మంత్రులకి వినతిపత్రాలు రాసిన చెయ్యి అది! గీతలు కొట్టి ఇచ్చాను. కాగితం మడిచి తలగడ కింద పెట్టుకుని, "ఇప్పుడు కాదురా," అన్నారు. సింహానికి కూడా మూడ్ అనేది ఒకటుంటుంది.

ఇక తప్పించుకునే ప్రయత్నాల సంగతి. అవును, ప్రయత్నాలు. నీ బావ కేవలం పులస తింటూ కూర్చోలేదు. (రోజూ పులసే. నిన్న పులుసు, మొన్న పులుసు, ఇవాళ కొత్తదనం కోసం పులుసు. తణుకు వంటమనిషి మావయ్యకి నడిముక్క, నాకు తోక వేస్తున్నాడు. ప్రజాస్వామ్యం!)

మొదటి ప్రయత్నం బుధవారం పొద్దున్న. నూకరత్నం మొగుడు బుల్లియ్య పడవ కొబ్బరి మట్టల చాటున సిద్ధం. చేపల వేళకి గేటు తీసే ఉంటుంది. మావయ్యకి కడుపునొప్పి.

రెండోది నిన్న. పడవ సిద్ధం, గేటు సిద్ధం, కడుపు కూడా సిద్ధం. మావయ్య పంచాంగం తీసి, "వర్జ్యం," అన్నారు. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి, వర్జ్యానికి ఎదురు చెప్పలేను.

బుల్లియ్య పడవ తాడు విప్పుకుంటూ, "ఆయ్, బాబుగారూ, నిజంగా ఎల్లాలనుకున్నోడికి రాహుకాలం కూడా శుభకాలవేనండి," అన్నాడు. ఎటకారం. వినలేదన్నట్టు లోపలికి వచ్చేశాను.

సర్దుతున్నప్పుడు మావయ్య పెట్టెలో పంచెల మధ్య ఆ కొబ్బరి చిప్ప కనిపించింది. ఎండి, నూనె ఊరి, పంచెకి గుండ్రటి మరక వేసింది. చిప్ప ఆయన వెంటే ఉంది కదా సూర్యకళా! మాట వదిలేసిన మనిషి చిప్పని ఢిల్లీ పెట్టెలో పెట్టుకోడు కదా! ఇది శిబిరంలో చదువు.

గోదారి ఎరుపెక్కుతోంది. కిటికీలోంచి చూస్తే అవతలి గట్టు రోజురోజుకీ దూరం జరుగుతున్నట్టుంది. బందీల కన్నే అంత అనుకుంటా.

నీ మద్దతు మీద ఆధారపడిన అతి మైనారిటీ ప్రభుత్వం,
గణేష్‌బాబు

---

అంబాజీపేట,
శనివారం

ప్రియమైన బావకి,

చిప్ప సంగతి చదివాను. శిబిరమంతా చప్పట్లు కొట్టింది. అప్పాజీ గారు చప్పట్లు కొట్టలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపి, "అయితే మనమే ఎల్లి ఇడిపించుకొద్దామండీ," అన్నారు. అంతే, తిరునాళ్ళకి కట్టినట్టు జనం కట్టారు. బుల్లియ్య తన వాళ్ళందరి పడవలూ మాట్లాడాడు. రేపు వాళ్ళు కొత్త నీటికి, గంగమ్మకి పసుపుకుంకాలు ఇచ్చుకునే రోజు, పడవ వెయ్యరు. అంచేత సోమవారం పొద్దున్న వస్తున్నాం. సన్నాయి మేళం కూడా ఉంది. వద్దన్నాను, వినలేదు.

నాన్నగారికి కడుపునొప్పి వస్తే పడవలో డాక్టరున్నాడు. వర్జ్యం వస్తే పంతులు గారున్నారు. ఇంకేమైనా వస్తే నేనున్నాను.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆయన పంచెలు సర్ది, గేటు దగ్గర నా ఎదుట నిలబడు. ఈ నెల రోజుల్లో నాకు నవ్వొచ్చింది నీ ఉత్తరాలు చదివినప్పుడే. ఈ మాట మళ్ళీ మళ్ళీ రాయను.

గట్టు మీద నుంచి,
సూర్యకళ

---

లంక గెస్ట్‌హౌస్,
ఆదివారం

ప్రియమైన సూర్యకళకి,

రావద్దు. ఎలాగైనా ఆపు.

ఈ ఉత్తరం నీకు సమయానికి చేరదని తెలిసే రాస్తున్నాను. నీ ఉత్తరం తెచ్చిన నిన్న సాయంత్రం పడవే ఆఖరిది, ఇవాళ పడవ లేదు. అరిచినా అవతలి గట్టుకి వినపడదు. నా గంప ఇవాళ గంగమ్మ దగ్గరుంది.

పొద్దున్న వీరబ్రహ్మం గారికి నీ ఆవకాయ పెట్టి, మావయ్యని వదిలెయ్యమని బతిమాలాను. ఆయన అన్నం కలుపుకుంటున్నవారు ఆగిపోయారు.

"ఏంటండీ వదిలేది? నేనెవర్నండీ పట్టుకోడానికి? తాళంచెవి ఆయన మొలలోనే ఉంటదండి. నేను రోజూ పొద్దున్న ఆయన్నడిగి పుచ్చుకుని, తాళం తీసి, మళ్ళీ ఆయనకే ఇచ్చేస్తన్నాను. అసలీ క్యాంపే ఆయన అడిగి పెట్టించుకున్నారు. పార్టీ వాళ్ళు హైదరాబాదు హోటలన్నారు. ఈయనే, 'వద్దు, లంకలో పెట్టండి, తాళం కనబడేలా ఉండాలి' అన్నారు."

మావయ్య దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద గోదారి చూస్తూ కూర్చున్నారు. నేను అడగలేదు. నా మొహం చూసి ఆయనే చెప్పారు.

"ఓటు వ్యతిరేకంగా వేస్తే పదవి పోద్ది. మళ్ళీ టిక్కెట్టు ఇవ్వరు. వేశాను పో, ప్రభుత్వం పడిపోద్దా? పడదు. నేను పడతాను. అనుకూలంగా వేస్తే పేటలో తలెత్తుకు తిరగలేను. బందీగా ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరురా. తీసుకెళ్ళారు, వేయించారు. అంతే."

"ఎవరు నమ్ముతారు మావయ్యా?"

ఆయన నావైపు తిరిగారు. ఎంతో ప్రేమగా చూశారు. అదే నన్ను చంపేసింది.

"నువ్వు రాశావు కదరా. పేటంతా విన్నది. సింహం, పంజరం, బాతుపిల్లంత తాళం... ఎంత బాగా రాశావు!"

సూర్యకళా, నేను ఎగతాళికి రాసిన ప్రతి మాటా ఆయనకి సాక్ష్యం అయింది. నువ్వు దాన్ని నీ గొంతుతో చదివావు. మనిద్దరం కలిసి ఆయనకి జైలు కట్టిచ్చాం.

రేపు మీరొస్తారు. మేళంతో వస్తారు. అప్పాజీ గారి మొహం నేను ఎలా చూడను? నీ మొహం?

ఏమని సంతకం చెయ్యాలో తెలియడం లేదు.

గణేష్‌బాబు

---

లంక గెస్ట్‌హౌస్,
గురువారం

ప్రియమైన సూర్యకళకి,

ఇది నేను రాసిన ఉత్తరాలన్నింటిలోకీ నిజమైన ఖైదీ ఉత్తరం. మీరు మావయ్యని భుజాల మీద ఎత్తుకెళ్ళాక, జనం మళ్ళీ వస్తారేమోనని భయపడి వీరబ్రహ్మం గారు గేటుకి తాళం నొక్కేశారు. నొక్కాక గుర్తొచ్చింది, చెవి మావయ్య మొలలో పేట వెళ్ళిపోయిందని. అప్పటినుంచి ఆయనా నేనూ వంటమనిషీ లోపల. సమ్మెట తెమ్మంటే నూకరత్నం, "చేపలు తెమ్మంటే తెస్తాను బాబూ," అంది. గేటు ఊచల్లోంచి చేపా, ఉత్తరమూ తప్ప ఏమీ పట్టవు.

సోమవారం నేను కిందికి రాలేకపోయాను. జనం ఎక్కువగా ఉన్నారు. కాలు బెణికింది కూడా.

ఆదివారం ఉత్తరం నూకరత్నానికి మీ పడవలు వెళ్ళిపోయాకే ఇవ్వగలిగాను. అందిందా? అందితే ఏం చేశావు? శిబిరంలో చదివావా? చదివితే మావయ్య పేటలో ఉన్నారా, వెళ్ళిపోయారా? చదవకపోతే నువ్వెలా ఉన్నావు?

ట్రాన్సిస్టర్‌లో బ్యాటరీలు నీరసించాయి. వచ్చే సోమవారం ఫలితం దాకా దాచుకుంటున్నాను. పులస రావడం మానేసింది. జెల్ల చేపలు తింటున్నాను. హాస్యం కూడా మానేసింది, గమనించే ఉంటావు.

అవతలి గట్టు ఇవాళ అసలు కనబడలేదు. వాన.

నీ
గణేష్‌బాబు

---

అంబాజీపేట,
బుధవారం

ప్రియమైన బావకి,

ఆలస్యానికి క్షమించమని అడగను. నువ్వు వేచి ఉండాలనే ఆగాను.

మేం వచ్చిన రోజు సంగతి నీకు తెలియనిది చెబుతాను, నువ్వు కిటికీ రెక్క చాటున ఉన్నావు కాబట్టి. రెక్క కదలడం చూశాను. బెణికిన కాలుతో మేడెక్కినవాడివి నువ్వే.

'మా ఎంపీ గారిని వదలండి' అని అందరూ అరుస్తుంటే నాన్నగారు అరుగు మీదికి వచ్చారు. వీరబ్రహ్మం గారు చేతులెత్తి, "తీసుకెళ్ళండి బాబూ, నేనేం పట్టుకోలేదు," అన్నారు. భయపడ్డాడని జనం నవ్వారు. నాన్నగారి మొహంలో నెత్తురు లేదు. సంతోషం పట్టలేక అనుకున్నాను. విడిపించడానికి వచ్చినవాళ్ళతో నేను రానని ఏ బందీ అనగలడు? దండ వేయించుకున్నారు. పడవెక్కారు. సన్నాయి వాయించారు. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి ఆ గేటు వైపే చూశారు.

ఇంటికొచ్చాక రైతులు ఇంటి చుట్టూ కాపలా కూర్చున్నారు, పార్టీ వాళ్ళు ఎత్తుకుపోకుండా. మళ్ళీ క్యాంపే. ఈసారి నిజందే.

మర్నాడు నీ ఆదివారం ఉత్తరం వచ్చింది. పొగబెట్టి కొబ్బరి ఎండబెట్టే పాకలో కూర్చుని చదివాను. పొగకి కళ్ళు మండాయనుకో. ఆ సాయంత్రం అప్పాజీ గారు, "ఇవాళ ఉత్తరం లేదామ్మా?" అన్నారు. లేదన్నాను. జీవితంలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం.

తర్వాత అందర్నీ ఇళ్ళకి పంపేశాను. వీధి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాను. నీ ఉత్తరం నాన్నగారి కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. చదువుకున్నారు. మొలలోంచి తాళంచెవి తీసి దాని మీద పెట్టారు.

"ఇది ఇచ్చెయ్యడం మర్చిపోయానమ్మా."

"గేటు తీసే ఉంది నాన్నా. బయట ఎవరూ లేరు. ఎటైనా వెళ్ళొచ్చు."

"అదేనమ్మా భయం," అన్నారు.

అమ్మ దీపం పెట్టేదాకా వీధి మెట్టు మీదే కూర్చున్నారు. తర్వాత కండువా వేసుకుని ఒక్కరే నడుచుకుంటూ అప్పాజీ గారింటికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. "అప్పాజీ, నన్ను ఎవరూ బంధించలేదు," అన్నారు.

అప్పాజీ గారు బీడీ పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "తెలుసండి. బందీకి రోజూ పులస నడిముక్క ఎవరేస్తారండీ? మొదటి ఉత్తరానికే అనుమానం వొచ్చింది. రెండోదానికి నమ్మకం కుదిరింది."

"మరి మేళం పెట్టుకుని ఎందుకొచ్చారు?"

"రమ్మని అడిగితే రారు కదండీ. ఇడిపిస్తే రాక తప్పదు."

అర్థమైందా బావా? నువ్వు కట్టిన జైలుకి నీ తోక ముక్కే కన్నం పెట్టింది.

నాన్నగారు అక్కడే అరుగు మీద కూర్చున్నారు. తర్వాత, "నా చిప్ప లంకలో ఉండిపోయింది," అన్నారు. అప్పాజీ గారు దేవుడి గూట్లోంచి తన చిప్ప తీసి చేతిలో పెట్టారు. దాంతోనే ఢిల్లీ వెళ్ళారు. ఎవరూ వెంట వెళ్ళలేదు, ఎవరూ కాపలా కాయలేదు.

మొన్న ఓటు వ్యతిరేకంగా వేశారు. ప్రభుత్వం నిలబడింది, నీ ట్రాన్సిస్టర్ చెప్పే ఉంటుంది. కుర్చీ కాలు ఒకటి ఊడితే ఇంకెవరి కాలో అరువు తెచ్చుకున్నారు. పామాయిలు వస్తుంది. కాయ ధర లేవలేదు. పార్టీ నాన్నగారిని నిన్ననే బహిష్కరించింది, పదవి పోవడానికి కాగితాలు కదులుతున్నాయి. ఇదంతా గెలుపు అని నీకు రాయను.

ఢిల్లీ నుంచి విమానంలో విశాఖ వచ్చి ఈ ఉదయమే ఇంటికి చేరారు. గేటు వెయ్యనివ్వలేదు. ఎవరు పడితే వాళ్ళు లోపలికి వచ్చి అడుగుతున్నారు. కొంతమంది తిడుతున్నారు. ఆయన సమాధానం చెబుతున్నారు. కొన్నింటికి 'నాకు తెలియదండి' అంటున్నారు. ఆ మాట ఆయన నోట ఇంతవరకు వినలేదు.

ఇక నీ సంగతి. వీరబ్రహ్మం గారు శుక్రవారమే వెనక గోడకి నిచ్చెన వేసుకుని, పెంకుల మీద గోనెసంచి పరుచుకుని దిగి, బుల్లియ్య పడవలో వెళ్ళిపోయారట. వంటమనిషి శనివారం. నిచ్చెన ఇంకా అక్కడే ఉందని నూకరత్నం చెప్పింది. నువ్వు మాత్రం రోజూ గేటు దగ్గర కూర్చుని ఊచలు పట్టుకుంటున్నావట.

అంచేత ఈ ఉత్తరంతో పాటు గంపలో, తామరాకులో చుట్టి తాళంచెవి పంపుతున్నాను. పంచెల మధ్య ఉన్న చిప్ప తీసుకురా, అప్పాజీ గారికి ఒకటి బాకీ ఉంది. వచ్చి శిబిరంలో నీ ఉత్తరాలు నువ్వే పైకి చదవాలి, ఆ ఆదివారంది కూడా. జనం నవ్వుతారు. బహుశా తిడతారు. నేను పక్కన నిలబడతాను. బయటి నుంచి మద్దతు ఇవ్వడం నాకు చేతకాదు.

నూకరత్నం పడవ ఎండ వాలేదాకా ఆగుతుంది.

చెవి ఇప్పుడు నీ చేతిలో ఉంది బావా. ఇకమీదట బందీనని రాయకు.

తెరిచిన గేటు దగ్గర,
సూర్యకళ